మూత తీయని చేతులు

కూతురికి బడిలో ఇచ్చే సాయం కోసం ఫారం నింపింది రంగనాథ్. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం, ఏటా అప్రైజల్ రాసుకునే మనిషాయన. తన లోపం తన చేత్తో రాసుకుని బాగుపడ్డవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. బట్టలు వేసుకుంటుందా? వేసుకుంటుంది. అన్నం తింటుందా? తింటుంది. కావలసింది అడుగుతుందా? అడుగుతుంది. వరసగా టిక్కులు పెట్టేసి, కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుంది కదా అన్నాడు. పక్కనే ఉన్న భార్య అరుంధతి తలాడించింది. అవి అబద్ధాలని ఆమెకూ తోచలేదు మరి.

వారం తిరక్కుండా జవాబు వచ్చింది. ఆటిజం ఉన్న ఆరేళ్ళ తన్మయికి కిండర్‌గార్టెన్‌లో పక్కన కూర్చుని నేర్పే టీచరు వారానికి నాలుగు రోజులు వచ్చేది. ఇక ఒక్కరోజే వస్తుందట. ఇంత చక్కగా చేసుకునే పిల్లకు సాయం దేనికన్నారు, వరసలో ఇంకా పిల్లలున్నారన్నారు. వాళ్ళననేం లాభం, మనం రాసిందే వాళ్ళు చదివారు. జనవరిలో ఒకటో తరగతి. ఆ మూడు రోజులూ పోతే తన్మయి బడిలో నిలవలేదని అరుంధతికి తెలుసు.

బతిమాలగా బతిమాలగా, మళ్ళీ చూస్తాం, శుక్రవారం మధ్యాహ్నం పిల్లను తీసుకుని రమ్మన్నారు. అరుంధతి ఆఖరి సెలవు అలా ఖర్చయింది. నాలుగేళ్ళుగా ఏదో ఒక గది ముందు కూర్చుంటూనే ఉంది. అలసిపోయానని ఎవరితోనైనా చెప్పుకోవడానికి కూడా ఓపిక మిగల్లేదు.

గదిలో ఉన్నది బడిలో తన్మయి పక్కన కూర్చునే టీచరు పునీతే. మలేషియా జొహోర్‌లో పుట్టిన తెలుగమ్మాయి, మాటలో సగం తమిళం. ఫారం తిరగేసి, దాహమైతే నిజంగా అడుగుతుందా అంది. అడుగుతుందని అరుంధతి ఖాయంగా చెప్పింది. పునీత వాదించలేదు. తన్మయి నీళ్ళసీసా మూత గట్టిగా బిగించి బల్లమీద పెట్టింది.

"అయిదు నిమిషాలు సుమ్మా, ఊరికే కూర్చోండక్కా. చేతులు ఒళ్ళో పెట్టుకోండి. ఏమీ చెయ్యొద్దు."

కాసేపటికి తన్మయి సీసా తెచ్చి తల్లి ఒళ్ళో పెట్టింది. అరుంధతి చెయ్యి దానంతటదే లేచింది. దించుకుంది. పిల్ల ఆ చెయ్యి పట్టుకుని మూతమీద పెట్టింది. తల్లి కదల్లేదు. మళ్ళీ పెట్టింది. తర్వాత సీసా కింద పెట్టేసి, ఎండిన పెదవులు నాక్కుంటూ గోడ పక్కకి వెళ్ళి ఊగుతూ కూర్చుంది. నీళ్ళని అనలేదు. అమ్మా అని కూడా అనలేదు.

అరుంధతి ఫారం ముందుకు లాక్కుంది. పొద్దున గౌను చేతులు పట్టుకుని తొడిగించేది తను. ముద్ద కలిపి వేళ్ళ మధ్య పెట్టేది తను. ఫ్రిజ్ దగ్గర నిలబడ్డ తీరు చూసి ఆకలి కనిపెట్టేది తను. ఫారంలో ఉన్న టిక్కులన్నీ తనవే, ఒక్కటీ పిల్లది కాదు.

"ఇప్పుడు రాయండక్కా. మీరు పక్కన లేకపోతే ఏమవుతుందో రాయండి."

అడగదు, అని రాసింది. తినదు. వేసుకోలేదు. ఒక్కో మాటా రాస్తుంటే కన్నకూతురి మీద చాడీలు చెబుతున్నట్టే ఉంది. చివరికి సంతకం పెట్టి, మూత తీసి నీళ్ళు పట్టించింది.

నాలుగు రోజులూ మళ్ళీ ఇస్తారు, నేను చెబుతానంది పునీత. గుమ్మం దాకా వచ్చి మరో మాట అంది. "ఇంట్లో మూత పూర్తిగా తీసివ్వొద్దక్కా. కొంచెం వదులు చేసి వదిలెయ్యండి. లేటయినా పరవాలేదు."

సెంగ్‌కాంగ్‌లో ఎల్‌ఆర్‌టీ రైలు ఎక్కారు. రెండు స్టేషన్లు దాటగానే తన్మయి సీసా తీసి తల్లి చేతిలో పెట్టింది. అరుంధతి మూత కొంచెం వదులు చేసి తిరిగిచ్చేసి, చేతులు రెండూ సంచీ కింద దాచుకుంది. పిల్ల ఆ చేతులకోసం సంచీ లాగింది. ఎదురుగా ఉన్న ఆంటీ ఒకామె, నీళ్ళు కూడా ఇవ్వవా అన్నట్టు చూసింది.

వాళ్ళు దిగవలసిన స్టేషను వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి. ఆ రైలు చుట్టూ తిరిగి మళ్ళీ ఇక్కడికే వస్తుంది. తన్మయి వేళ్ళు మూతమీదే ఉన్నాయి. అరుంధతి లేవలేదు.