వంటింట్లో నలభై ఒకటి

"నీకేం, నువ్వెక్కడైనా సర్దుకుపోతావు" అన్నారు మా ఆయన, కాగితం మీంచి తలెత్తకుండా. నేనప్పుడు ఆయన చొక్కాకి గుండీ కుడుతున్నాను. మా ఆయనకి చెప్పులు కొనాలన్నా గళ్ళ కాగితం కావాలి. ఈసారి నిలువునా నాలుగు ఊళ్ళున్నాయి: సముద్రం పక్కది, కొండ మీదది, నది ఒడ్డుది, ఇప్పుడున్నది. అడ్డంగా ఆయన మోకాళ్ళు, అత్తయ్య ఆయాసం, సెలవులకొచ్చే మనవడి చర్మం. ఏ ఊరి వాతావరణం ఎవరికి పడుతుందో మార్కులు వేస్తున్నారు. నాలుగు నెలల్లో రిటైరవుతారు. ఆ తర్వాత ఒంటికి పడే ఊరు చూసుకుని అక్కడే స్థిరపడాలని ఏడాదిగా ఒకటే ధ్యాస. ఇందులో నా గడి ఏదని అడిగితే వచ్చిన జవాబది. పొగిడినట్టే అన్నారు. ఇంటికొచ్చినవాళ్ళ దగ్గర కూడా అలాగే పొగుడుతారు, "మా ఆవిడకి పట్టింపుల్లేవండీ" అని.

నాకు యాభై రెండు. రెండేళ్ళుగా ఒంట్లో ఆవిర్లు. ఉన్నట్టుండి ఛాతీలోంచి సెగ లేచి చెవుల దాకా పాకుతుంది, కట్టుకున్న బట్ట తడిసి వీపుకి అంటుకుపోతుంది. ఫ్యాను పెంచితే అత్తయ్య దగ్గుతుంది. "మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా, పనిలో పడితే తెలిసేవే కావు" అంటుంది. తగ్గిస్తాను. పెళ్ళయిన ముప్పై ఏళ్ళలో మా ఇంట్లో ఫ్యాను ఎంతలో తిరగాలో నేను చెప్పిన రోజు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

నేను పనిచేసేది ఆసుపత్రి బ్లడ్ బ్యాంకులో. రోజుకి నాలుగుసార్లు ఫ్రిజ్‌ల ఉష్ణోగ్రత చూసి చార్టులో రాయాలి. రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉండాలి. దాటితే బజర్ మోగుతుంది, అందరం పరుగెత్తుతాం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ రక్తానికి ఎంత చల్లదనం కావాలో గోడ మీద అచ్చేసి ఉంది. నా ఒంట్లో ఉన్న రక్తం గురించే ఎవరికీ పట్టదు. ఈ మాట ఒకసారి మా హెడ్ సిస్టర్‌తో అంటే, "పోయి ఫ్రిజ్‌లో కూర్చోవే" అని నవ్వింది. నేనూ నవ్వాను. తలుపు తెరవగానే మొహానికి తగిలే ఆ చల్లగాలి కోసం వేరేవాళ్ళ వంతు రీడింగులు కూడా నేనే తీస్తుంటానని మాత్రం ఆవిడకి చెప్పలేదు.

కాగితం మీద సముద్రం ఊరు గెలిచింది. అయినా తొందరపడే మనిషి కాదాయన. పది రోజులు ఇల్లు అద్దెకి తీసుకుని ఉండి చూద్దామన్నారు, నాచేత సెలవు పెట్టించారు. వెళ్ళగానే వరండాలో థర్మామీటరు తగిలించి, "నీకు అలవాటే కదా, రెండు గంటలకోసారి చూసి రాయి" అన్నారు. వరండాలో గాలి బాగుంది, కాదనను. ఆయనా అత్తయ్యా పడక్కుర్చీల్లో వాలి, "ప్రాణం లేచొచ్చిందిరా అబ్బాయ్" అని ఆవిడా, "చెప్పానా" అని ఆయనా. వంటిల్లు వెనకవైపు, పడమటెండ పడే గోడకి. కిటికీ లేదు. రెండు పూటలా వంట, మధ్యలో మూడుసార్లు టీ, అత్తయ్య స్నానానికి వేణ్ణీళ్ళు. మూడో రోజు మధ్యాహ్నం పొయ్యి ముందు నాకు కళ్ళు తిరిగాయి. గట్టు పట్టుకుని కాసేపు అలాగే ఉండి, వరండాలోకి వెళ్ళి థర్మామీటరు తీసుకొచ్చి వంటింటి మేకుకి తగిలించాను. ఎందుకు చేశానో చెప్పలేను, చేతికున్న అలవాటై ఉంటుంది. పావుగంటాగి చూసి రాశాను: వరండా ఇరవై తొమ్మిది, వంటిల్లు నలభై ఒకటి. మిగిలిన వారమంతా రెండూ రాశాను.

ఇంటికి తిరిగొచ్చాక ఆయన సగటు కట్టడానికి కూర్చున్నారు.

"ఇవేంటి, ఈ నలభైలు?"

"వంటింటివండీ."

"వంటిల్లు ఊరి వాతావరణం కిందకి రాదే! అనవసరంగా సగటు పాడవుతుంది" అని స్కేలు పెట్టి, ఒక్కో అంకె మీదా నీటుగా గీత గీశారు. కోపం లేదు, చిరాకూ లేదు. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఏడ్చేదాన్ని, సాయంత్రానికి మామూలైపోయేదాన్ని. ఆ స్కేలు నన్ను ఏడవనివ్వలేదు. ఇన్నేళ్ళూ నేనొక ఊళ్ళో, వీళ్ళింకో ఊళ్ళో కాపురం ఉన్నామని, నా ఊరికి వీళ్ళు ఒక్కసారీ రాలేదని అప్పుడర్థమైంది. భయం వేసింది.

ఆ వారంలోనే నా పేరున స్వచ్ఛంద విరమణ లేఖ టైపు చేయించి తెచ్చారు. నాకింకా ఎనిమిదేళ్ళ సర్వీసుంది. సంతకం పెట్టాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టారు. "ఇక హాయిగా ఇంట్లోనే ఉండొచ్చు నువ్వు" అన్నారు. ఆ మాటకి నా వీపు మీద చెమట పట్టింది.

లేఖ బ్యాగులో పెట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. ఆ రోజే బదిలీ ఫారాలు పంచారు. కొండ మీది ఆసుపత్రికి వెళ్ళడం సమ్మతమేనా అని ఏటా అడుగుతారు, చలికి జడిసి ఎవరూ వెళ్ళరు. చదవకుండానే 'కాదు' దగ్గర టిక్కు పెట్టేస్తాం. పద్దెనిమిదేళ్ళు నేనూ పెట్టాను. ఈసారి కూర్చుని మొత్తం చదివాను. నడివేసవిలో కూడా అక్కడ ఇరవై దాటదట. దుప్పటి కప్పుకుని, నా టీ నేను పెట్టుకుని, కిటికీ ఎంత కావాలంటే అంత తెరుచుకుని కూర్చోవడం ఊహించుకున్నాను. ఎంత చిన్న కోరిక! 'అవును' దగ్గర టిక్కు పెట్టాను. హెడ్ సిస్టర్ భుజం మీంచి తొంగిచూసి, "ఇంట్లో అడిగావా?" అంది. "లేదు. నన్నడిగాను" అన్నాను. లేఖ మాత్రం సంతకం లేకుండా బ్యాగులోనే ఉండిపోయింది.

మూడు వారాలకి ఆర్డరు వచ్చింది. ఆయన చేతికిచ్చాను. రెండుసార్లు చదివారు.

"కొండ మీద ఊరా? ఆ చలికి నా మోకాళ్ళు ఏం కావాలి? అమ్మ ఆయాసం? ఇంతమందిమి అక్కడెలా ఉంటాం? అసలు వాళ్ళిచ్చే క్వార్టరు ఎన్ని గదులు?"

అత్తయ్య దగ్గు ఆపి నావైపు చూసింది.

"ఒక గదేనండీ" అన్నాను. "నా ఒక్కదానికే అడిగాను."