వంటగది పక్క గది

దేశం కాని దేశంలో ముందుగా లొంగదీసుకోవాల్సింది భాషను అనుకుంది టీచరమ్మ. కాదు, పొయ్యిని. బడి వెనక తనకూ భర్తకూ ఇచ్చిన రెండు గదుల్లో ఉన్న ఆ గ్యాసు పొయ్యి గొంతు సవరించుకునేది, ముక్కు చీదేది, ఆరిపోయేది.

"దాన్ని బతిమాలకు చెల్లెమ్మా," అంటూ బడి వంటామె గరిటె కాడతో పొయ్యి వెనక ఒక్కటిచ్చింది. భగ్గున వెలిగింది. "ముందు కాదు, వెనక కొట్టాలి."

ఆమెను అందరూ వంటక్క అనేవారు. ఎప్పుడో ఒక కుటుంబం వెంట వంటకని వచ్చింది. ఆ కుటుంబం తిరిగి వెళ్లిపోయినా ఆమె ఉండిపోయింది. మిషన్ బడినీ గుడినీ నడిపే పాస్టరు అయ్యగారూ, ఆయన భార్య అమ్మగారూ మన భాషవాళ్లే. పిల్లలు మాత్రం ఇక్కడి వాళ్లు. టీచరమ్మ బోర్డు మీద రాసింది వాళ్లకు అర్థమయ్యేది కానీ నోటితో చెప్పింది అర్థమయ్యేది కాదు. ఏ పిల్లకు ఆకలేస్తే కోపం వస్తుందో, ఎవడు మంచినీళ్లకని వెళ్లి గోడెక్కుతాడో, ఈ భాషలో నోరుమూసుకోమని మర్యాదగా ఎలా చెప్పాలో, అన్నీ వంటక్కే నేర్పింది.

ఆ రెండు గదుల్లోకి ఎండ వచ్చేది కాదు. దుప్పట్లు పొద్దున్నే తడిసినట్టుండేవి. టీచరమ్మ భర్తకు ఇంకా పని దొరకలేదు, దగ్గు మాత్రం దొరికింది. బడి వంటగదిని ఆనుకుని ఉన్న వంటక్క గదిలో పొయ్యిల వేడికి గోడ సాయంత్రం దాకా వెచ్చగా ఉండేది. ఆయన వెళ్లి ఆ గోడకు వీపు ఆనించి కూర్చునేవాడు.

"అక్కా, ఈ గోడను నాకిచ్చి పెళ్లి చెయ్యి."

"ముందు ఉన్న పెళ్లాన్ని అడుగు బాబూ!"

ఏడాది చివర అయ్యగారు ఉంచుతామంటేనే టీచరమ్మ ఇక్కడ ఉండేది. సొంత ఊళ్లో చర్చి సంఘమంతా తల మీద చేతులుంచి, కన్నీళ్లతో సాగనంపింది. పనికిరానిదానిలా తిరిగి వెళ్లి వాళ్లకు ముఖం ఎలా చూపించడం? ఆమె భయమంతా అదే.

సోమవారం పొద్దున భోజనాల గదిలో టీచర్లంతా గుండ్రంగా కూర్చుని, ఒక్కొక్కరూ మరొకరి కోసం పైకి ప్రార్థన చెయ్యాలి. టీచరమ్మ పిల్లల్ని దీవించమనేది, పెద్దల్ని కాపాడమనేది, కూర్చునేది.

"మీ ప్రార్థన ఉతికి ఆరేసినట్టు శుభ్రంగా ఉంది టీచర్," అంది అమ్మగారు ఒక సోమవారం. "కానీ భారం లేదు." ఎవరో ముక్కుతో నవ్వారు.

"భారమంటే ఏంటమ్మగారూ?"

"పక్కవాళ్ల ఆత్మ కోసం మీ కడుపు రగిలిపోవాలి. అదే లేకపోతే ఇంత దూరం రావడం దేనికి? పాఠాలు అక్కడే చెప్పుకోవచ్చుగా. అయ్యగారు కూడా ఇదే అడుగుతున్నారు."

ఆ శనివారం టీచరమ్మా వంటక్కా వంటగదిలో ఆలుగడ్డలు చెక్కు తీస్తున్నారు. టీచరమ్మ అమ్మగారి మాటలు చెప్పుకుని ఏడ్చింది. ఓదార్చడానికి వంటక్క దగ్గర మరేమీ లేదు, తన రహస్యం తప్ప.

"నీ ప్రార్థనలో భారమే లేదు. నాకు అసలు బాప్తిస్మమే లేదు చెల్లెమ్మా."

టీచరమ్మ చేతిలో కత్తి ఆగింది.

"లేదని చెబితే ఆ కుటుంబంవాళ్లు నన్ను వెంట తీసుకురారని, అయిందన్నాను. తర్వాత పుచ్చుకుందామంటే, ఇన్నాళ్లూ బాప్తిస్మం లేకుండా ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఎలా తిన్నావే అంటారు. ఆ రొట్టె చేసేదీ నేనే, దాన్ని తినకూడనిదాన్నీ నేనే!"

"భయం వెయ్యదా అక్కా?"

"వేస్తుంది. అందుకే చిన్న ముక్క తీసుకుంటా."

టీచరమ్మ నవ్వింది. ఇంటికి వెళ్లాక ఆ నవ్వు మిగల్లేదు. అర్హత లేకుండా ఆ బల్ల దగ్గరికి వెళ్తే శిక్ష తప్పదని ఆమె చిన్ననాటి నుంచీ విన్నది, నమ్మింది. అక్క ఆత్మ ఏమవుతుందో అన్న దిగులు నిజమే. తన చోటు ఏమవుతుందో అన్న దిగులూ నిజమే. ఏది ఎక్కువో ఆమె చూసుకోలేదు. మనుషులకు చెబితే చాడీ, దేవుడికి చెబితే ప్రార్థన అనుకుంది.

సోమవారం తన వంతు రాగానే కళ్లు మూసుకుంది. "ప్రభువా, మాకు అన్నం పెట్టే సహోదరి బాప్తిస్మం లేకుండానే నీ బల్ల దగ్గరికి వస్తోంది. ఆమెను క్షమించు తండ్రీ..." చుట్టూ "స్తోత్రం, స్తోత్రం" అన్న గొంతులు ఒక్క క్షణం ఆగి, రెట్టింపయ్యాయి. అన్నం గిన్నెలు అందించే కిటికీ అవతల గరిటె చప్పుడు ఆగిపోయింది.

"ఆమెన్," అంది అమ్మగారు, సాగదీసి. "ఇదీ భారమంటే."

నిజమేనా అని వంటక్కను ఎవరూ అడగలేదు. ప్రార్థనలో వచ్చిన మాటను ఎవరు అనుమానిస్తారు?

ఆదివారం అందరూ పాడుతుండగా గుడి వెనక తొట్టి నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇచ్చారు. అయ్యగారు తొడల దాకా రబ్బరు బూట్లు వేసుకున్నారు. వంటక్కకు పలచటి తెల్లంగీ ఇచ్చారు. తువ్వాలు పట్టుకునే భాగ్యం టీచరమ్మకు దక్కింది.

వంటక్క పళ్లు టకటకలాడుతూ పైకి వచ్చింది. "దేవుడితో చెప్పుకోవాలంటే చెవిలో చెప్పొచ్చుగా చెల్లెమ్మా. ఆయనకేమైనా చెవుడా?"

"నీ మంచికే అక్కా."

"సరేలే. తువ్వాలు సరిగా పట్టుకో, జారుతోంది."

ఆమె జుట్టు ఆరకముందే అమ్మగారు పిలిచి గది ఖాళీ చెయ్యమంది.

"పాత పాపాలన్నీ పోయాయని ఇందాక నీళ్లలో అయ్యగారే అన్నారు కదమ్మా?"

"పాపాలు పోయాయి. నమ్మకమూ పోయింది. ఆత్మను చూసుకోవడం ప్రభువు పని, చూసుకున్నాడు. వంటగది నా పని."

వంటక్కకు ఆ దేశంలో ఎవరూ లేరు. సొంత దేశంలోనూ ఎవరూ మిగల్లేదు. మర్నాడు సంచీ భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడితే టీచరమ్మ పరుగున వెళ్లింది.

"ఎక్కడికెళ్తావక్కా?"

"చెప్పను. నీకు పొయ్యి వెలిగించడం వచ్చుగా? వెనక నుంచి కొట్టాలి. బాగానే వచ్చు నీకు."

ఆ వారమే అయ్యగారు టీచరమ్మను ఉంచుతామన్నారు. వంటపని ఆమె భర్తకిచ్చారు. వెచ్చటి గదీ వాళ్లకే ఇచ్చారు. ఆయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు కానీ దాని మీద జోకు వెయ్యలేదు. దగ్గు తగ్గింది. ఇంట్లో ప్రార్థన చేసేటప్పుడు ఆమెతో కలిసి గొంతెత్తడం మానేశాడు.

"ఏం ఆలోచిస్తున్నారు?" అని అడిగిందొకసారి.

"చెప్పను. చెబితే సోమవారం అందరూ వింటారు."

టీచరమ్మకు భాష పట్టుబడింది. పిల్లలు మాట వింటున్నారు. టీచర్లు మాత్రం ఆమె గదిలోకి రాగానే వాన గురించి మాట్లాడేవారు. ఎవరి మనసులో ఏముందో ఆమెకు తెలిసేది కాదు. సోమవారాలు మళ్లీ పిల్లల్ని దీవించమనడంతో మొదలై, పెద్దల్ని కాపాడమనడంతో అయిపోయేవి.

"ఏంటి టీచర్, మళ్లీ ఉతికి ఆరేశారు?" అంది అమ్మగారు. "ప్రార్థించడానికి బయటివాళ్లు ఎవరూ లేకపోతే ఇంట్లో అయినా లేరా?"

అందరూ ఆమెనే చూస్తున్నారు. ఆమె కళ్లు మూసుకుంది.

"ప్రభువా, మా ఇంటాయన..."

కిటికీ అవతల గరిటె చప్పుడు ఆగింది.