పురుగు పూతలోని చక్కెర

నేను ఒక గాజు గొట్టాన్ని. మూరెడు పొడవు, అడుగున చిన్న కుళాయి. పశువైద్య కళాశాల ప్రయోగశాలలో నన్ను నిలువుగా బిగించి, కడుపునిండా సన్నని మెత్తటి పూసలు నింపారు. పైన పోసిన ద్రావణాన్ని వాటి మధ్య జార్చి, అందులోని పదార్థాలను వేరుచేసి, బొట్టుబొట్టుగా కిందికి వదలడం నా పని. దానికి తెలివి అక్కర్లేదు. తెలివి తమ సొత్తనుకునేవాళ్లు నా ముందు చాలామందే నిలబడ్డారు.

వాళ్లలో పెద్ద ఆచార్య శేషగిరి. గొర్రెల కడుపులో చేరి నెత్తురు తాగే పురుగుకు పిల్లదశలో ఒంటిమీద చక్కెర పూత ఉంటుందనీ, అదేమిటో తేలితే టీకా చేయవచ్చనీ ఆయన ఆశ. గొర్రె పెంటికల్లో ఆ పిల్లల్ని పెంచి, కడిగి, పూత ఊడదీసే చాకిరీ మాత్రం ఆయన శిష్యురాలు సుంకులమ్మది. కాపరి కూతురు. వాళ్ల మందలో సగం ఆ పురుగుకే పోయింది.

మొదటిసారే నా కింద పట్టిన బొట్లలో ఆమ్లం కలపగానే నారింజ రంగు తేలింది. రంగు వస్తే చక్కెర ఉన్నట్టు. ఆచార్యులవారు ఎగిరి గంతేసినంత పనిచేసి, సదస్సుకు వ్యాసం రాసేశారు.

సుంకులమ్మకు అనుమానం. పురుగు పూత కలపకుండా వట్టి ఉప్పునీళ్లు నాలో పోసింది. అదే నారింజ.

"ఈ చక్కెర పురుగుది కాదు సార్. గొట్టంలో నింపిండే పూసలదే. అవి చేసిండేదే చక్కెరతో కదా, పాతబడి కరుగుతాండాయి."

"గొర్రెలు కాసే ఇంటినుంచి వచ్చి నాకు పాఠం చెప్తావా?"

"ఆ ఇండ్లకే కదా సార్ టీకా కావాల్సింది. వ్యాసంలో నా పేరు తీసేయండి."

సంతోషంగా తీసేశారు. సదస్సులో శాలువా కప్పించుకుని వచ్చారు. కరిగిన పూసలకు సన్మానం చేసిన పండితులను నేనేమనాలి?

ఆమె నన్ను ఖాళీచేసి, కడిగి, చక్కెర లేని పూసలు నింపింది. మళ్లీ పెంటికల దగ్గర మొదలుపెట్టింది. పది నెలలు. ఈసారి ఉప్పునీళ్లకు రంగు రాలేదు. పురుగు పూతకు లేత పసుపు వచ్చింది. గోరంత చక్కెర, కానీ పురుగుదే. ఆమె బల్లకు తల ఆనించి ఏడ్చింది. ఆచార్యులవారేమో తన పొరపాటును తానే పట్టుకున్నానని ప్రకటించారు. దానికీ ఒక శాలువా.

అంచు పగిలాక నన్ను కళాశాల ప్రదర్శనశాలలో పెట్టారు. కింద చీటీ: 'ఆచార్య శేషగిరి వాడిన గొట్టం'. ఆయన నన్ను ఒక్కనాడూ ముట్టుకోలేదు.

ఇప్పుడు ఇక్కడే పాఠాలు చెప్పే సుంకులమ్మ నిన్న తన విద్యార్థులను తీసుకొచ్చింది.

"దీంట్లోనే కనుక్కున్నారా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది.

"దీంట్లోంచి మొదట వచ్చింది అబద్ధం," అంది సుంకులమ్మ. "ఆ పొద్దు నేను గూడా సంతోషపడినా."