మస్తాన్‌బీ చూపుడువేలు

మస్తాన్‌బీ రొట్టెల పిండి పిసుకుతూనే ఒక కన్ను వాకిట్లో వేసి ఉంచింది. అక్కడ మొగుడు హబీబుల్లా నులకమంచం మీద కూర్చుని, పిడికిట్లో పట్టేంత ఇనప ఇంజను సిలిండర్‌ను పెట్రోలుతో కడుగుతున్నాడు. పక్కన రేవతి నిలబడి ఉంది. పక్కింట్లో జాకెట్లు కుట్టే మనిషి.

"చెల్లెమ్మా, ఇంకోసారి చూడు," అన్నాడతను.

రేవతి సిలిండర్ రంధ్రంలో చూపుడువేలు పెట్టి మెల్లగా తిప్పి, అడుగున కాస్త గరుగ్గా ఉందని చెప్పింది. అతను కర్రముక్కకు ఇనుమును నునుపు చేసే నూరుడు పేస్టు రాసి, లోపల పెట్టి, పైకీ కిందికీ ఆడిస్తూ తిప్పాడు. మళ్లీ కడిగాడు, మళ్లీ పిలిచాడు. ఈసారి బాగుందందామె. మస్తాన్‌బీకి ఒళ్లు మండిపోయింది.

నరసరావుపేటలో ముప్పయ్యేళ్లు లేతు మిషను మీద పనిచేసి అతని వేళ్లు మొద్దుబారాయి, గరుకు తెలియదు. సరే, ఒప్పుకుందాం. ఇంట్లో పెళ్లాం లేదా? దానికి వేళ్లు లేవా? పాత ఇనుము ఏరుకొచ్చి ఆ బుల్లి ఇంజన్ను ఇంట్లోనే తయారు చేసుకుంటున్నాడాయన. శివరాత్రికి వాళ్ల వీధివాళ్లు కట్టి కోటప్పకొండ తీసుకెళ్లే ఎత్తైన ప్రభ మీద, దాంతో ఒక్క బల్బయినా వెలిగించాలని కోరిక. సాయంత్రం పిస్టన్ ఎక్కిస్తానన్నాడు. ఎక్కించాక ఇక వేలుతో పనే ఉండదు. ఇవాళైనా తనను పిలుస్తాడని మస్తాన్‌బీ కాచుకుంది. పిలవలేదు.

ఆఖరిసారి కడిగి ఆరబెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి అతను స్నానానికి వెళ్లాడు. ఆమె గబగబా వచ్చి, అచ్చం రేవతి లాగే వేలు పెట్టి తిప్పింది. ఏమీ తెలియలేదు. గరుకూ లేదు, నునుపూ లేదు. గోడకు ఆనించినా అంతే తెలిసేది. ఏడుపొచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుని మిర్చి పనికి వెళ్లిపోయింది.

చిన్నప్పటి నుంచీ మిరపకాయల ముచ్చికలు తుంచిన చెయ్యి అది. చర్మం దళసరెక్కి, గోటి పక్కన పగుళ్లు తేలి, వేసవి వచ్చేసరికి ఎర్రబడిపోతుంది. రోజంతా కాయల రాశి ముందు కూర్చుని రేవతిని ఆడిపోసుకుంది. ఆ పిల్ల ఏం చేసిందని పక్కనున్న రాఘవమ్మ అడిగితే, చెప్పడానికి ఒక్క తప్పూ దొరకలేదు. అదింకా కడుపుమంట.

సాయంత్రం ఇల్లు చేరేసరికి హబీబుల్లా సిలిండర్‌ను వెలుతురుకు పెట్టి చూస్తున్నాడు. పెట్రోలుతో కడిగిన ఇనుముకు చేతి చెమట తగిలితే తుప్పెక్కుతుంది. లోపల ఎర్రగా వేలిముద్ర తేలింది.

"ఇందులో వేలు పెట్టిందెవరే?"

"నేనే. వీధిలో వాళ్ల వేళ్లు పనికొస్తయ్యి, నాది పనికిరాదా?"

అతను ఆమె చెయ్యి పట్టుకుని పగుళ్లు చూశాడు.

"ఈ పేస్టు పగుళ్లల్లోకి పోతే చానా మండుద్ది. అసలే మిర్చి మంటకి రోజూ నీళ్లల్లో చేతులు పెట్టుకుని కూకుంటావు. అందుకే పిలవలా." చెయ్యి వదలకుండానే అడిగాడు. "పెట్టావుగా మరి. ఎట్టా తగిలింది?"

"అద్దంలాగుంది," అని అబద్ధం చెప్పింది మస్తాన్‌బీ.

అతని ముఖం విప్పారింది. "అయితే అయిపోయినట్టే. ఆ మచ్చ పొద్దున తుడిచి పిస్టన్ ఎక్కిస్తాలే. కాసిని టీ పెట్టు."

అయిపోయినట్టే అని రేవతితో ఒక్కసారీ అనలేదు. ఆ సంతోషంతో ఆమె టీలో అల్లం ఎక్కువే దంచి వేసింది. గ్లాసు తీసుకుని వచ్చేసరికి అతను గోడకు ఆనుకుని ఉన్నాడు, గడ్డం గుండె మీదికి వాలి ఉంది. సిలిండర్ ఒళ్లోనే ఉంది. రెండుసార్లు పిలిచింది. గ్లాసు కింద పెట్టి, చెయ్యి ముట్టుకుని చూసింది. తర్వాత రేవతిని కేకేసింది.

అతను పోయిన పదో రోజు దాటాక రేవతి నూనెగుడ్డ తీసుకుని వచ్చింది. లోపల తుడవకపోతే సిలిండర్ పాడైపోతుందని చెయ్యి చాపింది. మస్తాన్‌బీ సిలిండర్ మూతిని అరచేత్తో మూసేసింది.

"నువ్వు తుడవమాకు. ఆయనే తుడుస్తానన్నాడు."

ఇప్పుడది గూట్లో పిస్టన్ పక్కన ఉంది, లోపలి నునుపు మీద ఎర్రటి వేలిముద్రతో.