కేరల్స్‌కి ముందు ఏ ఇల్లు

చర్చి వరండాలో లాప్‌టాప్ తెరుచుకుని కూర్చున్న రూబీ పక్కన చేరింది ఏసమ్మ. రూబీ రాజమండ్రిలో ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసరు. క్రిస్మస్ సెలవులకి ఊరొస్తే, ఇంటింటికీ తిరిగి కేరల్స్ పాడే యవ్వనస్తులు తమకో దారి గీసిపెట్టమని పట్టుకున్నారు.

"కాలేజీలో ఏం చెప్తావే అమ్మాయ్?"

"కంప్యూటర్ సైన్సు పిన్నీ. అందులో నాది దారుల పని."

"దారి చెప్పడానికి కాలేజీ ఎందుకే? సెంటర్లో ఆటోవాణ్ణి అడిగితే చెప్పడూ!"

రూబీ నవ్వింది. "ఒక ఇంటికైతే చెప్తాడు. మన ఇళ్లన్నీ తిరగాలంటే ఏది ముందు, ఏది వెనక? ఇళ్లు పెరిగేకొద్దీ కంప్యూటర్‌కీ కష్టమే. నా రీసెర్చి దాని మీదే."

ఏసమ్మకి వింతగా తోచి, తెర మీదికి వంగింది. ఇళ్లన్నీ చుక్కలై ఉన్నాయి. రూబీ మీట నొక్కగానే వాటి మధ్య ఒక గీత పాక్కుంటూ పోయింది. కాలవ అవతల ఒంటి చుక్క ఏసమ్మ ఇల్లు. గీత అక్కడికి అన్నిటికన్నా చివర చేరింది.

ఏసమ్మ ప్రాణం ఉసూరుమంది. ఏటా ఇంతే. యవ్వనస్తులు తన గుమ్మం ఎక్కేసరికి తెల్లవారుజామవుతుంది, గొంతులు పోయి ఉంటాయి. మంచం పట్టిన అత్తగారు మందు మత్తులో కళ్లు తెరవదు. పొద్దున్నే మాత్రం, "పిల్లలు మనింటికి రాలేదేంటే?" అంటుంది. ఈసారైనా ఆవిడ చెవిన ఒక్క పాట పడాలని ఏసమ్మ ఆశ.

"మా ఇల్లు చివర పెట్టమని దీనికెవరు చెప్పారే?"

"ఎవరూ చెప్పలేదు పిన్నీ. నడక తగ్గించమన్నాను, అంతే."

"ఇంకోటి చూడమంటే చూస్తుందా?"

"ఏం చూడమంటావు?"

"మా అత్తగారి నిద్ర."

పక్కనే నిలబడి చూస్తున్న యవ్వనస్తుల లీడరు విజయ్ పాల్ పకపకా నవ్వాడు. రూబీ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుంది. "మామ్మకి ఎందాకా మెలకువుంటుంది?"

"పొద్దుగూకాక కాసేపే. తర్వాత మాత్ర వేసేస్తాను."

రూబీ ఏదో టైపు చేసింది. ఈసారి గీత ముందుగా కాలవ దాటి, వెనక్కొచ్చి ఊరంతా తిరిగింది.

"ఇదేంటక్కా! హార్మోనియం మోసుకుని అంత దూరం పోయి, మళ్లీ ఊళ్లోకి రావాలా?" అన్నాడు విజయ్ పాల్.

"నడక ఎక్కువే తమ్ముడూ. అదైనా ఇదైనా గీసిస్తాను. ఏది కావాలో నువ్వే తేల్చాలి."

విజయ్ పాల్ ఏసమ్మ వంక చూసి తల గోక్కున్నాడు. "సరే ఆంటీ, ముందు మీ ఇంటికే. ఉత్త టీతో సరిపెడితే ఊరుకోమండి, గారెలు వెయ్యాలి."

ఆ శనివారం సాయంత్రం ఇంకా మసక వెలుతురు ఉండగానే హార్మోనియం కాలవ దాటింది. రూబీ కూడా వాళ్ల వెంట వచ్చింది. ఏసమ్మ అత్తగారి వీపు వెనక దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది. పాట సాగినంతసేపూ ముసలావిడ వేళ్లతో మంచం పట్టె మీద తాళం వేసింది. పాట ఆగగానే గదమాయించింది.

"ఒక్కటేనా? ఇంకోటి పాడండర్రా!"

"ఇంకోటంటే నీ లెక్క తప్పుతుందక్కా," అని గొణిగాడు విజయ్ పాల్.

"తప్పనీ," అంది రూబీ, ఫోన్లో టైము చూసుకుంటూ. "ఎంత తప్పుతుందో చూద్దాం. పాడు."