వంతెన కింద కుర్చీ

నేను ఒక మడత కుర్చీని. ఇనుప గొట్టాలు, నైలాను పట్టీలు, ఇంతే నా ఒళ్లు. రాజమండ్రిలో ఒక వెల్డింగు షాపులో పుట్టి, గోదావరి పాయ ఒడ్డున వీర్రాజు టీ బడ్డీకి చేరాను.

అక్కడ ఇంజనీరు కాత్యాయని గారు తన మొదటి వంతెన కడుతున్నారు. కట్టడం పూర్తయ్యాక ఇసుక లారీలను పైన వరసగా నిలబెట్టి, మర్నాటి దాకా ఉంచి, వంతెన ఎంత వంగిందో, లారీలు దిగాక ఎంత లేచిందో చూస్తారు. ఆ సేపంతా కట్టినవాళ్లు కిందే ఉండాలని ఆమె పట్టు. వీర్రాజు నన్ను పట్టుకొచ్చాడు.

"కూర్చోండమ్మా. వంతెన సంగతేమో గానీ, మీ కాళ్లు నిలబడవండి."

"పడితే నీ కుర్చీ కూడా పోతుంది వీర్రాజూ."

"పాతదేలెండి."

మర్నాడు లారీలు దిగాక వంతెన లేచింది. ఆమె నన్ను అడిగి తీసుకెళ్లారు.

ఆ తర్వాత జీపు వెనక పడి నది నదికీ తిరిగాను. ప్రారంభోత్సవాలకు తెల్ల తువ్వాళ్లు కప్పిన కుర్చీలు వచ్చేవి. వాటిలో కూర్చున్నవారెవరూ వంతెన కిందికి వచ్చింది లేదు. మొదట్లో ఆశ్చర్యపడేదాన్ని. తర్వాత అలిసిపోయాను.

చివరి వంతెనకు ఒక స్తంభం పునాది వరదలో ఒరిగింది. పైవాళ్లు కానిచ్చేయమన్నారు. ఆమె పని ఆపించి, దాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టించారు. ఏడాది పట్టింది. 'ఒరిగిన వంతెన' అనే పేరు మాత్రం ఊళ్లలో ఉండిపోయింది. పరీక్షకు కొద్ది రోజుల ముందు ఆమె జ్వరంతో ఆసుపత్రికి వెళ్లి, తిరిగి రాలేదు. ఇక ఈ వంతెన లేవకపోతే, స్తంభం సరిగ్గా నిలిచిందన్న ఆమె మాట కూడా ఒరిగినట్టే.

ఆ రోజు మొదటి లారీ వంతెన మొదట్లోనే ఆగింది. ఆమె వంతెనలన్నిటికీ ఇసుక తోలిన సత్తిబాబుది ఆ లారీ.

"కింద అమ్మగారు లేరు కదండీ. నేనెక్కించనండి."

ఆమె దగ్గర పని నేర్చుకున్న రహీముద్దీన్ నన్ను ఆ స్తంభం పక్కన విప్పి వేశాడు. తను కూర్చోలేదు. పక్కనే ఇసుకలో చతికిలబడ్డాడు.

"ఆవిడ కుర్చీ ఉంది. నేనున్నాను. రా, సత్తిబాబూ."

లారీలు ఒక్కొక్కటే ఎక్కాయి. వంతెన కొద్దిగా వంగింది. మర్నాడు అవి దిగిపోయాక కొలిచి చూశారు. లేచింది. సత్తిబాబు కిందికి వచ్చి, నాకు దణ్ణం పెట్టబోయి, సిగ్గుపడి మానేశాడు.

ఇప్పుడు రహీముద్దీన్ ఆఫీసులో ఒక మూల ఉంటున్నాను. పట్టీలు సాగిపోయాయి, మార్పిద్దామండీ అన్నాడు ప్యూను.

"ఉండనీ" అన్నాడు అతను.

నాలో ఎవరూ కూర్చోరు. బరువు దిగి చాలా కాలమైంది. వంతెన లేచినట్టు నేను లేవలేదు. ఆమె కూర్చున్న చోట పట్టీలు ఇంకా అలాగే వంగి ఉన్నాయి.