పదకొండుమంది సాక్షులు

దయ్యం ఉందని ఎవరైనా అంటే "మీరు చూశారా?" అని అడగడం నాకు నలభై ఏళ్ల అలవాటు. భౌతికశాస్త్రం బోధించి రిటైరయ్యాక ఖమ్మం పక్కన ఖానాపురం హవేలిలో స్థిరపడ్డాను. మా హేతువాద సంఘం తరఫున ఉపన్యాసాలిస్తూ ఆ ఒక్క ప్రశ్నతో చాలామంది నోళ్లు మూయించాను. దాన్ని నాకు నేనే వేసుకోవలసి వస్తుందని మాత్రం అనుకోలేదు.

ఆగస్టులో ఒకరోజు షేర్ ఆటోలో పక్కనున్న మనిషి ఒక సంగతి చెప్పాడు. అశ్వారావుపేట అవతల పామాయిల్ తోటల్లో, పనికోసం ఎక్కడినుంచో వచ్చిన ఒక కూలీని పాము కరిచిందట. తండాల్లో పనిచేసే ఆశా కార్యకర్త ద్వాలి అతణ్ణి దవాఖానాకు పంపకుండా మంత్రగాడి దగ్గరికి పంపిందట. మంత్రగాడు నల్లకోడినీ పావుకిలో బెల్లాన్నీ పుచ్చుకుని విభూతి పూశాడట. మనిషి పోయాడట.

నాకు కోపం రావలసింది. నిజానికి సంతోషం కలిగింది. ఆరోగ్య కార్యకర్తలే మంత్రాలను నమ్ముతున్నారని నేను ఏళ్ల తరబడి చెబుతున్నాను. ఇన్నాళ్లకు పేరూ ఊరూ ఉన్న రుజువు దొరికింది. ఇల్లు చేరి, కాళ్లు కూడా కడుక్కోకుండా మూడు పేజీల ఫిర్యాదు రాశాను. సంఘం కార్యదర్శి శాంతికుమార్ ఆ చుట్టుపక్కల తిరిగి, సంగతి తెలిసిన పదకొండుమంది చేత సంతకాలు పెట్టించి తెచ్చాడు. అందరి మాటలూ అచ్చుగుద్దినట్టు ఒకటే. ప్రయోగశాలలో పదకొండు రీడింగులు ఒకేలా వస్తే, పక్కవాడి పుస్తకంలోంచి దించారని పిల్లలను మందలించేవాణ్ణి. ఆ రోజు అది గుర్తుకు రాలేదు.

ద్వాలికి నోటీసు వెళ్లింది. ఆరోపణ రుజువైతే ఆమెను తొలగిస్తారు.

విచారణ అక్కడి ఆరోగ్య కేంద్రంలో జరిగింది. వైద్యాధికారి డాక్టర్ భార్గవికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఆమె నా ఫిర్యాదులోని భాషను మెచ్చుకుని, ఒక తెల్లకాగితం ముందు పెట్టుకుని సాక్షులను ఒక్కొక్కరినే పిలిచింది. రిజిస్టరు గుండెలకు హత్తుకుని ద్వాలి తలుపు దగ్గర నిలబడింది.

మొదట పక్క తండా రైతు బిచ్యా వచ్చాడు.

"పామును చూసినవా?"

"లేదు మేడం."

"సచ్చిపోయినోన్ని?"

"చూడలె. మా బామ్మర్ది చెప్పిండు."

బామ్మర్ది రెండో సాక్షి. అతనికి ఎరువుల దుకాణంలో తెలిసింది. దుకాణదారు మూడో సాక్షి. డాక్టర్ కాగితం మీద ఒక పేరు నుంచి ఇంకో పేరుకు బాణం గుర్తులు గీస్తూ పోయింది. ఒకాయన ఈ మాట అందరూ అంటున్నారన్నాడు. అందరూ అంటే ఎవరని అడిగితే, కాసేపు ఆలోచించి తన భార్య పేరు చెప్పాడు. పదకొండో మనిషి దగ్గరికి వచ్చేసరికి బాణాలన్నీ శాంతికుమార్ వైపు తిరిగాయి. అతనికి ఎవరు చెప్పారని అడిగింది.

"సారే చెప్పిండు గదా మేడం, మార్చిల మీటింగ్‌ల," అన్నాడు శాంతికుమార్ నన్ను చూపిస్తూ. "నేను చాయ్‌ల కాడ ఉంటి, నడుమల నుంచి విన్న."

ఆ ఉపన్యాస విషయం: వదంతులు ఎలా పుడతాయి. భోజనాల తర్వాత సభ కునుకు తీస్తుంటే, ఇది నా కల్పన అని చెప్పి మరీ, పాము కరిచిన కూలీని ఒక ఆశా కార్యకర్త మంత్రగాడి దగ్గరికి పంపిన కథ మొదలుపెట్టాను. వెనక వరుస కదలకపోతే కథలోకి నల్లకోడిని తెచ్చాను. నవ్వులు వినిపించాక బెల్లం చేర్చాను. పేర్లేవీ చెప్పలేదు; ద్వాలి పేరు దారిలో ఎవరో తగిలించారు. తూకంతో సహా చెబితే జనం ఇట్టే నమ్ముతారని అప్పుడే హెచ్చరించాను కూడా. ఆటోలో కోడీ బెల్లమూ వినగానే ఆ కథ నాకు గుర్తొచ్చింది. చూశావా, ఎంత సరిగ్గా ఊహించానో అనుకున్నాను.

ఇదంతా డాక్టరుకు చెప్పేశాను. ఆమె నవ్వలేదు, నవ్వి ఉంటే బాగుండేది. రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టమని ద్వాలికి చెప్పింది. ఆ వానాకాలంలో పాముకాట్లు రెండు. ఇద్దరినీ ద్వాలే దవాఖానాకు తీసుకెళ్లింది. ఇద్దరూ బతికారు. ఆ రిజిస్టరు చూపించమని అడగాలని నాకు తోచనే లేదు.

ఫిర్యాదు కొట్టేశారు. లేవబోతుంటే ద్వాలి ఆపింది.

"కాగితం మీద మేడం కొట్టేసింది. తండాల ఎవరు కొట్టేయాలె సార్? మొన్న ఓ పిల్లకు నొప్పులొస్తే నన్ను పిలువనే లేదు. నేను మంత్రగాని మనిషినంట."

మర్నాడు పొద్దున్నే తండాకు వెళ్లాను. ఇరవైమంది దాకా చేరారు. ఆ కథ నా కల్పితమనీ, ద్వాలికి దానితో ఏ సంబంధమూ లేదనీ, క్షమించమనీ గ్రాంథికానికి దగ్గరలో ఒక ప్రకటన చేశాను. తర్వాత జంపక్క అనే పెద్దావిడ పక్కవాళ్లతో, "మంచి మనిషి. ఆమె కొలువు పోతదని తప్పు తనమీద ఏస్కుంటుండు," అంది. అందరూ తల ఊపారు. కాదు, నిజంగానే ఎవరూ చనిపోలేదని నొక్కి చెప్పాను. మీరట్లనే చెప్పాలె సార్, అని ఒకాయన ఓదార్చాడు.

ద్వాలి బస్సు ఆగే చోటుదాకా వచ్చింది. "అబద్ధాన్నేమో నవ్విచ్చుకుంట చెప్పిండ్రంట. నిజాన్ని గింత సప్పగ చెప్తే ఎవరింటరు సార్? మల్ల రాండ్రి."

నాలుగు రోజులకు మళ్లీ వెళ్లాను. ఈసారి ఉపన్యాసం రాసుకోలేదు. రిజిస్టరులోని రెండు పేర్లలో ఒకరైన లాల్‌సింగ్‌ను బతిమాలి వెంట తీసుకెళ్లాను. అతను మంచం మీద కూర్చుని మడమ చూపించాడు. తోటలో గెలలు కోస్తుంటే కాటు పడిందనీ, బండి మీద తను పడిపోకుండా ద్వాలి వెనక కూర్చుని తనను చున్నీతో ఆమె నడుముకు కట్టుకుందనీ, దారి పొడుగునా నిద్రపోనివ్వకుండా తిట్టిందనీ చెప్పాడు. ఏం తిట్టిందో కూడా చెప్పాడు. పిల్లలూ పెద్దలూ ఆ మడమ చుట్టూ మూగారు. జంపక్క వంగి మచ్చను వేలితో ముట్టుకుని చూసింది. నా ఉపన్యాసాలను ఎవరూ అంత దగ్గరగా వచ్చి వినలేదు.

మేమక్కడ ఉండగానే ద్వాలి ఫోన్ మోగింది. అవతలి తండాలో ఒక గర్భిణి వాళ్లమ్మ రమ్మంటోందని చెప్పి, సంచి భుజాన వేసుకుని గబగబా వెళ్లిపోయింది. ఫోన్ మోగడం నేను విన్నాను. పిలిచిందెవరన్నది మాత్రం ఆమె చెప్పిన మాటే.